నేల సాలీళ్లు – వానికి పేరిడిన పండితులు



పొలము గట్టున పడియున్న రాతినొకదానిని మెల్లగా నెత్తి చూడుడు. క్రింద చల్లని మట్టియందు తెల్లని పట్టుసంచివంటి చిన్న గూడు కనబడవచ్చును. అందుండి నల్లనిదో, బూడిదవన్నెదో యగు నొక సాలీడు వెలువడి, పరుగెత్తి మఱియొక మట్టిపెళ్ల క్రింద దూరును. మనము దానిని చెప్పుతో కొట్టుదుము. లేదా చూచియు చూడనట్లు రాతిని పడవేసి మన పని చూచుకొందుము. ఈ నెల పాఠము ఆ ప్రాణిని గూర్చియు, దానిని గుర్తించి పేరిడిన పండితులను గూర్చియు వ్రాయబడినది.

మన భాషలో దీనిని సాలెపురుగందుము. సాలెవాడు బట్ట నేయునట్లు గూడు నేయును గనుక ఈ పేరు తగినదే. కాని ఆ పేరు మనల నొక విషయమున ఏమఱించుచున్నది. ఇంటి దూలములయందు, కంచెలయందు వలపన్ను సాలీళ్లు మాత్రమే మన కంటికి ఆనుచున్నవి. వల నేయక, నేలపై కాలినడకను వేటాడు సాలీళ్లు అనేకము కలవు. వాని గూడు కనబడదు గాన వాని పనియు మనకు కనబడదు.

ఈ యెఱుగమి వలన కలుగు నష్టమును నేను పుస్తకమున చదివి తెలిసికొనలేదు. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఒక సార్వా కాలమున, వయసు మీఱిన రైతొకరు నన్ను తన వరిచేనికి తోడుకొని పోయిరి. దుబ్బుల మొదళ్లయందు సుడిదోమ కొద్దికొద్దిగా కనబడుచుండెను. ఆయన ఒక దుబ్బును చేతితో కదలించి, నీటిపై పరుగులిడుచున్న గోధుమవన్నె సాలీళ్లను చూపి, "బాబూ, ఇవి మంచివా, చెడ్డవా?" అని యడిగిరి. నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, పురుగేదైనను పురుగే యని పలికి, కనబడిన పురుగునెల్ల చంపు మందొకటి వ్రాసియిచ్చితిని. మందు కొట్టిన మఱునాడు చేను శుభ్రముగా నుండెను. మూడు వారములు గడచునప్పటికి బండిచక్రమంతేసి సుడులుగా పైరు ఎండి ఒఱగిపోయెను. ఆయన నన్ను నిందింపలేదు. "మందు కొట్టకముందు దుబ్బు కదిలిస్తే సాలెపురుగులు పరుగెత్తేవి బాబూ. ఇప్పుడు దోమ ఒక్కటే ఎగురుతోంది" అని మాత్రమే యనిరి. ఆ యేడు సంఘమునకు ఆయన చెల్లింపవలసిన బాకీ నిలిచిపోయెను. ఆ బాకీలో నా యజ్ఞానమునకును వంతు కలదని నేటికిని తలంచుచుందును.

నాటినుండి ఆయన ప్రశ్నకు సమాధానము వెదకితిని. ఆ సమాధానము పేర్లతో మొదలగుచున్నది.

సాలీడు కీటకము కాదు. కీటకమునకు కాళ్లు ఆఱు, సాలీటికి ఎనిమిది. కీటకమునకు తల, ఱొమ్ము, పొట్ట యని మూడు భాగములుండగా, సాలీటికి రెండు భాగములే. దీనికి ఱెక్కలు లేవు. నోటియందు కోఱలుండును గాని ఆకును నమలు దవడలు లేవు. పట్టిన పురుగును ద్రవముగా మార్చి పీల్చుకొనును. మన పొలములయందలి సాలీళ్లు పైరును తినవు. ఇంతవఱకు అన్ని సాలీళ్లకును ఒకటే. ఇక నేలపై తిరుగు సాలీళ్లలో ముఖ్యమైన రెండు కుటుంబములను వేఱువేఱుగా చూతము.

మొదటిది నిజమైన నేల సాలీడు. దీని కుటుంబమునకు శాస్త్రజ్ఞులు గ్నాఫోసిడే యని పేరిడిరి. ఇందు నేడు ప్రపంచమున 2,400కు మించిన జాతులు గుర్తింపబడినవి. భూతద్దముతో చూచినచో నాలుగేసి కన్నుల చొప్పున రెండు వరుసలు కనబడును. వెనుక వరుసయందలి నడిమి కన్నులు గుండ్రముగాక, ఏటవాలుగా నుండి, వెండివలె మెఱయుచుండును. పొట్ట చివర దారము వెలువడు చిన్న గొట్టములలో ముందరి రెండును ఒకదానికొకటి ఎడముగా, కాడలవలె పొడుచుకొని యుండును. ఇది పగలు రాళ్లక్రిందను, ఎండుటాకులక్రిందను దాగి, రాత్రి వేటకు బయలుదేఱును. తల్లి గ్రుడ్లసంచిని తన మఱుగుననే అంటించి, దానికి కావలి యుండును.

వల లేని యీ సాలీడు తనయంత బలముగల ఎరను ఎట్లు లోబఱచుకొనును? 2017లో ప్రచురింపబడిన యొక పరిశోధనము దీనిని విశదపఱచినది. పొట్ట చివరి కాడలనుండి జిగురుగల దారమును వెలువఱచి, ఎరచుట్టు తిరుగుచు దాని కాళ్లను బంధించును, పిదప కఱచును. నాడాలు కొట్టువాడు ఎద్దు కాళ్లను ముందుగా త్రాటితో కట్టి పడవేయుట మీరెఱుగుదురు గదా! ఇదియు నట్టి యుపాయమే. ఇట్లు ఇతర సాలీళ్లను సయితము ఇది పట్టి తినును.

రెండవది తోడేలు సాలీడు. దీని కుటుంబమునకు లైకోసిడే యని పేరు. దీని కన్నులు మూడు వరుసలు: క్రింద నాలుగు చిన్నవి, వానిపై రెండు పెద్దవి, వాని వెనుక మఱి రెండు. తల్లి గ్రుడ్లసంచిని పొట్ట చివర తగిలించుకొని తిరుగును. పిల్లలు పుట్టిన పిమ్మట వానిని వీపుపై మోయును. ఆ రైతు నాకు చూపినది ఈ రెండవ కుటుంబపు సాలీడే. మెట్టచేలలో, గట్లలో, తోటలలో మొదటిదియు, వరిమళ్లలో రెండవదియు మనకు ఎక్కువగా కనబడును.

ఈ భేదములను ఎవరు కనిపెట్టిరి? స్వీడను దేశమున కార్ల్ క్లెర్క్ అను ప్రభుత్వోద్యోగి 1757లో తన దేశపు సాలీళ్లను గూర్చి రంగు చిత్రములతో నొక గ్రంథము ప్రకటించెను. జంతువుల శాస్త్రీయ నామములకు 1758లో వెలువడిన లిన్నేయసు గ్రంథము మొదటిమెట్టుగా నెంచబడుచున్నది. కాని సాలీళ్ల విషయమున మాత్రము క్లెర్క్ ఇడిన పేర్లకే మున్మర్యాద. ఆ లిన్నేయసు సాలీళ్లన్నిటిని ఒకే ప్రజాతిలో చేర్చి యుంచెను. అనగా ధాన్యము, జొన్న, రాగి యను భేదము లేక ఒకే గాదెలో పోసినట్లు.

ఆ గాదెలోని గింజలను వేఱుచేసినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశస్థుడైన లాత్రేయ్. ఈయన క్రైస్తవ పురోహితుడు. ఫ్రెంచి విప్లవకాలమున, ప్రభుత్వము కోరిన ప్రమాణమును చేయనందున 1793లో పట్టుబడి, బోర్డో నగరమున చెఱయందుంచబడెను. మరణభయము తలపై నుండగా, ఆయన చెఱసాల నేలపై ప్రాకుచున్న చిన్న పెంకుపురుగును పరీక్షించుచుండుటను అచటి వైద్యుడు చూచెను. అది అరుదైన జాతి యని విని, వైద్యుడా పురుగును బోరీ ద సేంవేన్సాన్ అను పదునైదేండ్ల ప్రకృతిశాస్త్ర విద్యార్థికి పంపెను. ఆ బాలుడు లాత్రేయ్ రచనల నెఱిగినవాడు; ప్రయత్నించి ఆయనను విడిపించెను. ఆ చెఱలో మిగిలినవారికి ప్రాణములు దక్కలేదు. ఇట్లు బ్రదికి బయటపడిన లాత్రేయే 1804లో నేల సాలీటికి గ్నాఫోసా యనియు, తోడేలు సాలీటికి లైకోసా యనియు ప్రజాతి నామములిడెను. గ్రీకుభాషలో తోడేలునకు గల పేరునుండి ఈ రెండవ నామము వచ్చినది. మనము పైన చెప్పుకొన్న రెండు కుటుంబముల పేర్లును ఈయన మాటలనుండి ఏర్పడినవే.

పిమ్మట జర్మను దేశమున కోఖ్ అను తండ్రికొడుకులు ఈ పనిని సాగించిరి. తండ్రి అడవిశాఖ ఉద్యోగి. కొడుకు లూడ్విగ్ కోఖ్ న్యూరెంబర్గు నగరమున వైద్యుడు. ఈ వైద్యుడు 1866లో నేల సాలీళ్ల కుటుంబమును గూర్చియే ప్రత్యేక గ్రంథమును ప్రకటింపసాగెను. ఫ్రాన్సున యూజీన్ సిమాన్ (1848–1924) ప్రపంచపు నలుమూలల సాలీళ్లను వేలకొలది జాతులుగా వర్ణించెను. మన కాలమున అమెరికా దేశపు నార్మన్ ప్లాట్నిక్ (1951–2020) గ్నాఫోసిడే కుటుంబపు ప్రజాతులను తిరిగి పరిశీలించి, దారపు గొట్టముల నిర్మాణమును ఆధారముగా గొని వాని సంబంధములను 1990లో వివరించెను. ఈయన ప్రారంభించిన ప్రపంచ సాలీళ్ల పట్టిక నేడు స్విట్జర్లాండులోని బెర్న్ మ్యూజియము ఆధీనమున నడచుచున్నది. 2022లో ఆ పట్టిక 50,000 జాతులను దాటినది.

ఈ విద్య మన దేశమునకు దూరమైనది కాదు. పోకాక్ అను ఆంగ్లేయుడు 1900లో భారతదేశపు సాలీళ్లను, తేళ్లను గూర్చి గ్రంథము వ్రాసెను. అంతకు ముందటి యేడు, మన గుత్తిలో రైల్వే కలప యుంచు చోట దొరకిన నీలివన్నె పెద్ద సాలీటిని ఆయనయే వర్ణించెను. అది చెట్టుతొఱ్ఱలలో నుండునది, నేలది కాదు. అయినను గుత్తి పేరు దానితోపాటు ప్రపంచమంతట వ్యాపించినది. నంద్యాల–గిద్దలూరుల నడిమి యడవిలో అది 2001లో మరల కనుగొనబడెను. మద్రాసు మ్యూజియము అధికారి గ్రేవ్లీ 1924లో మన తోడేలు సాలీళ్లను గూర్చి వ్రాసెను. పిదప భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన టికాదర్, 1982లో వెలువడిన సంపుటమున మన దేశపు గ్నాఫోసిడే కుటుంబమును విపులముగా వర్ణించెను.

"ఈ పేర్లతో మాకేమి పని?" అని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. వరిచేని తోడేలు సాలీటినే తీసికొందము. బోసెన్‌బెర్గ్, స్ట్రాండ్ అను నిరువురు 1906లో జపాను దేశపు సాలీళ్లను వర్ణించుచు దానికి సూడోయాన్యులేటా యని జాతినామమిడిరి. నేడు దానిని పార్డోసా ప్రజాతిలో చేర్చుచున్నారు. ఆ యొక్క పేరుండుటచేత జపానులో చూచినవాడును, ఫిలిప్పీన్సులో చూచినవాడును, మన దేశమున చూచినవాడును తాము చెప్పునది ఒకే ప్రాణిని గూర్చియని తెలిసికొనగలిగిరి; ఒకరి లెక్క మఱియొకరికి పనికివచ్చినది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారి లెక్కప్రకారము ఈ సాలీడొకటి దినమునకు 5 మొదలు 15 వఱకు పురుగులను తినును. అందు సుడిదోమ ముఖ్యము.

అదే సంస్థలో పనిచేసిన కెన్మోర్ మొదలగువారు 1980 ప్రాంతమున మఱియొక సంగతిని స్థాపించిరి. మందు కొట్టిన మళ్లలోనే సుడిదోమ మిక్కుటముగా పెరుగుచున్నది. కారణమిది: దోమ తన గ్రుడ్లను ఆకుతొడిమ లోపల దాచును; మందు అచటికి చేరదు. పైనున్న సాలీళ్లు చచ్చును. గ్రుడ్లు పగిలి పిల్లలు వెలువడునప్పటికి వానిని తినువారుండరు. ఇండోనీషియా దేశము దోమవలన మిక్కిలి నష్టపడి, 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధించెను. ఆ వృద్ధుడు ఒక్క వాక్యమున చెప్పినది ఈ సత్యమే. ఆయన కన్నులతో చూచెను. నాకు పేరు తెలియక ఆయన చూపును త్రోసివేసితిని.

అయితే సాలీడున్న చాలు, మందే వలదని నేను చెప్పుటలేదు. నేల సాలీడు దొరకిన ప్రాణిని తినునే గాని, మన శత్రువులను ఏఱి తినదు. దోమ మితిమీఱినచో సాలీళ్లు తట్టుకొనలేవు. లెక్కించి చూచి, అవసరమైనపుడు తగిన మందును వాడవలెనని మాత్రమే నా మనవి. అందుకై సభ్యులు ఈ నెలలో చేయదగిన పనులివి:

1. సాయంకాలమున గట్టుపై నొక గ్లాసును అంచు నేలకు సమముగా నుండునట్లు పాతి, ఉదయమున చూడుడు. పడిన సాలీళ్లను భూతద్దముతో పరీక్షించి, కన్నుల వరుసలు లెక్కించి, మరల విడిచిపెట్టుడు. చేతితో పట్టకుడు.

2. చీకటి పడిన పిమ్మట టార్చిదీపమును కంటి ప్రక్కగా పట్టుకొని చేనివైపు వెలుగు పాఱించుడు. మంచుబిందువులవలె తళుకుమను చుక్కలలో పెక్కు తోడేలు సాలీళ్ల కన్నులు. వెంటవచ్చు పిల్లలకు చూపుడు; వారికి మఱువరాని పాఠమగును.

3. వరినాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను విడువుడు. గాలి, వెలుతురు సోకి దోమ తగ్గును. నడచి చూచుటకును వీలగును.

4. మందు కొట్టుటకు ముందు చేనిలో అచ్చటచ్చట ఇరువది దుబ్బులను కదలించి, దోమలను, సాలీళ్లను వేఱువేఱుగా లెక్కించి వ్రాసికొనుడు. ఆ లెక్కను వ్యవసాయాధికారికి చూపి, పిదప నిర్ణయింపుడు. పైరిత్రాయిడు తరగతి మందులు సాలీళ్లను చంపి దోమను పెంచును గాన వరిలో దోమకు వానిని వాడకుడు.

5. గట్లపై గడ్డిని, ఆకును పూర్తిగా తగులబెట్టకుడు. అది నేల సాలీళ్ల నివాసము.

భూతద్దములు లేనివారు సంఘ కార్యాలయమున అడిగి చూచుకొనవచ్చును. మీ లెక్కలను కాగితముపై వ్రాసి, చేను సర్వే నంబరుతో, తేదీతో నాకు అందజేయుడు. గుర్తింపరాని సాలీడు దొరకినచో సీసాయందుంచి తీసికొనిరండు. నాకును తెలియనిదైనచో, ఈ సారి తెలియదనియే చెప్పి, తెలిసినవారి నడిగి మీకు తెలుపుదును.