ఫోనున్న ప్రతి ఇంటికీ: అచ్యుతాపురం నేర్పిన జాగ్రత్తలు

2025 మే నెలలో అనకాపల్లి జిల్లా పోలీసులు అచ్యుతాపురంలోని అద్దె అపార్ట్‌మెంట్లలో సోదాలు చేసి 33 మందిని అరెస్టు చేశారు. వాళ్లు ఇక్కడ కూర్చుని అమెరికాలో ఉన్నవాళ్లకు ఫోన్లు చేసేవారు. అమెజాన్ నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, గిఫ్ట్ కార్డులు కొనిపించి, డబ్బు కాజేసేవారు. ఫోన్లు చేసినవాళ్లలో చాలామంది ఈశాన్య రాష్ట్రాల యువతీ యువకులు. ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) పుణ్యమా అని నలుదిక్కుల నుంచి జనం బతుకుతెరువుకు వచ్చే ఊరు ఇది. కొత్త ముఖం కనిపిస్తే ఏ కంపెనీలో పనో అనుకుంటాం తప్ప ఆరా తీయం.

ఆన్‌లైన్ మోసం ఎక్కడో ఉత్తరాదిన పుట్టి మన ఫోన్లోకి వస్తుందనుకుంటూ వచ్చాం. అది మన వీధిలోనే అద్దెకు దిగింది. కాబట్టి ఫోను ఎత్తేవాళ్లకే కాదు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు, పిల్లల్ని పరాయి దేశం పంపేవాళ్లకు కూడా ఈ జాగ్రత్తలు కావాలి.

1. మనిషిని చూసి ఇల్లు ఇవ్వండి, అడ్వాన్సు చూసి ఇవ్వకండి.

బ్రాండిక్స్ బట్టల పరిశ్రమ, ఆ వెనక ఫార్మా కంపెనీలు వచ్చాక ఇక్కడ డాబాల మీద అంతస్తులు లేచాయి. చాలా కుటుంబాలకు పోర్షన్ అద్దే ప్రధాన ఆదాయం. పోర్షన్ ఖాళీగా ఉంటే మనసు నిలవదు, నిజమే. అయినా దిగేవాళ్ల ఆధార్ నకలు, కంపెనీ గుర్తింపు కార్డు తీసుకోండి. ఆ కంపెనీకి ఒక్క ఫోను చేసి నిర్ధారించుకోండి. కాగితం మీద ఒప్పందం రాసుకోండి. అద్దె ఖాతాలో వేయించుకోండి. వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి ఉంచండి.

బేరమాడకుండా అంతస్తు మొత్తం ఒక్కరే తీసుకోవడం, ఉండేది ఒకరు అద్దె కట్టేది మరొకరు కావడం, వంటగిన్నెల కంటే ముందు కంప్యూటర్లు, కుర్చీలు దిగడం, ఒకే ఇంటికి రెండు మూడు ఇంటర్నెట్ లైన్లు, పగలంతా నిద్ర, రాత్రంతా మాటలు: ఇవన్నీ కలిసి కనిపిస్తే అడగాల్సిందే. వేసవిలో మనకు సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి న్యూయార్క్‌లో ఉదయం పది. అక్కడివాళ్లను పిలవాలంటే ఇక్కడ రాత్రి మేల్కోవాలి. కాకపోతే మన ఊళ్లో రాత్రి షిఫ్టు చేసే కార్మికులూ ఎక్కువే. రాత్రి లైటు వెలిగినంత మాత్రాన ఎవర్నీ దొంగలనకండి. ముఖకవళికలు చూసి, భాష చూసి అసలే అనుమానించకండి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, ఈశాన్యం నుంచి వచ్చి కష్టపడి బతుకుతున్నవాళ్లు ఇక్కడ ఎంతోమంది ఉన్నారు. చూడాల్సింది పనిని, కాగితాలను.

2. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

యూపీఐ పిన్ నొక్కితే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది, రాదు. చేపలమ్మే అమ్మకు, కిరాణా కొట్టు బాబాయికి, ఇంట్లో నానమ్మకు ఈ ఒక్క మాట కంఠతా వచ్చేలా చెప్పండి. రోజువారీ పరిమితిని యాప్‌లోనో బ్యాంకులోనో తగ్గించి పెట్టుకోవచ్చు.

3. పోలీసులమంటూ వీడియో కాల్ వస్తే పెట్టేయండి.

‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రే ఈ సంగతి చెప్పారు. ఆగండి, ఆలోచించండి, తర్వాత చర్య తీసుకోండి అని మూడు మెట్లు సూచించారు. అయినా జనం పడుతూనే ఉన్నారు. కారణం భయం. మీ పేరు మీద మత్తుమందుల పార్సిల్ దొరికింది, ఎవరికీ చెప్పొద్దు, కెమెరా ముందు నుంచి కదలొద్దు అంటారు. మనిషిని ఒంటరిని చేయడమే వాళ్ల ఆయుధం.

విశాఖ చుట్టుపక్కల ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ ఒకే ఖాతాలో ఉంచవద్దని వాళ్లకు చెప్పండి. ఫోన్‌తో తీయగలిగే ఖాతాలో ఒకట్రెండు నెలల ఖర్చు చాలు. మిగతాది డిపాజిట్ చేసి, శాఖకు వెళ్తే తప్ప దాన్ని తీయడానికి వీల్లేకుండా చేయగలరేమో బ్యాంకులో అడగండి. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాట ఫోన్లో వినపడగానే ఇంట్లో ఒకరికి చెప్పాలి. ఈ నియమాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని పెట్టుకోండి.

4. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును ముట్టుకోవద్దు.

పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, రైతు పథకం జాబితా, ఇలా ఏ పేరైనా పెట్టుకుని రావచ్చు. పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది పత్రిక కాదు, యాప్. దాన్ని ఎక్కించి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే మన మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడికి కనిపించవచ్చు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే, వాళ్లకు ఫోను చేసి అడగండి. ప్రభుత్వ సేవలకు 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009. దాన్ని మీ ఫోన్లో దాచుకుని, సర్టిఫికెట్లు ఇప్పిస్తామంటూ వేరే నంబర్ల నుంచి వచ్చే సందేశాలను నమ్మకండి.

5. ఖాతాను, సిమ్మును ఎవరికీ అద్దెకివ్వొద్దు.

‘నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసిస్తే కమీషన్’ అని హాస్టల్లో ఉండే పిల్లల్ని, కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లను అడుగుతుంటారు. ఎవరి కష్టార్జితమో దోచుకున్న డబ్బు అలాంటి ఖాతాల గుండానే దాటుతుంది. పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికి. జీతం ఖాతా స్తంభించిపోతే ఊళ్లో అమ్మకు డబ్బు పంపే దారి కూడా ఉండదు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’లో చూసుకోవచ్చు. మీది కానిది కనిపిస్తే అక్కడే తెలియజేయండి.

6. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమంటే పది చోట్ల విచారించండి.

ఇది మన జిల్లాలను కాల్చిన వ్యవహారం. సింగపూర్‌లో ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, విశాఖ ప్రాంతపు యువకులను ఏజెంట్లు కంబోడియాకు చేర్చిన సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, చీకటి గదుల్లో పెట్టి, మనవాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. తెలుగువాళ్లను మోసం చేయడానికి తెలుగు వచ్చినవాళ్లు కావాలి మరి. ఆ నెలలోనే కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో ఇలా చిక్కుకున్న వందల మంది భారతీయులు తిరగబడ్డారు. తర్వాత విడతలవారీగా కొందరు ఇంటికి చేరారు.

ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ ‘ఈ-మైగ్రేట్’ నమోదు ఉందో లేదో చూడండి. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అంటే ఆ ఏజెంటును గుమ్మంలోంచే పంపేయండి. పంపేముందు పాస్‌పోర్టు, వీసా, టికెట్టు నకళ్లు ఇంట్లో పెట్టుకోండి.

7. ఆధార్ వేలిముద్రకు తాళం వేయండి.

ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది, ఉచితం. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ పత్రాల్లోంచి వేలిముద్రలు తీసుకుని రబ్బరు ముద్రలు తయారుచేశాడు. తాళం వేసి ఉంటే అలాంటి నకళ్లు పనిచేయవు. రేషన్ తీసుకునేటప్పుడు దాన్ని తెరిచి, మళ్లీ వేసేయండి.

8. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ఇది ప్రత్యేకంగా మన ఊరి అవసరం. రసాయనాల ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, నిప్పురవ్వ భయం. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో ఇక్కడి సెజ్‌లో విషవాయువు లీకై బట్టల యూనిట్‌లో పనిచేసే మహిళలు పెద్దసంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫార్మాలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. అలాంటి గంటలో ఇంటివాళ్లు మొగుడికో కూతురికో ఫోను చేస్తే అది లాకర్లో మోగుతూ ఉంటుంది. చేతిలో వాట్సాప్ మాత్రం ఉంటుంది. అందులో పాత వీడియోలు, తప్పుడు పేర్లు తిరుగుతాయి.

కంపెనీ గేటు నంబరు, షిఫ్టు ఇన్‌చార్జి నంబరు, పక్క సీట్లో పనిచేసేవాళ్ల ఇంటి నంబరు, 108, 112 రాసి పెట్టుకోండి. అధికారులు చెప్పేవరకు మృతుల పేర్లను, ఫొటోలను ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఒక తల్లి ఆ కబురు ఫోన్లో చూసి తెలుసుకోకూడదు.

9. అప్పు యాప్‌లు వద్దు.

కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగే అప్పు యాప్ ఏదైనా ప్రమాదమే. వసూలు కోసం మార్ఫింగ్ ఫొటోలతో బెదిరిస్తే ఇంట్లో చెప్పండి, పోలీసులకు చెప్పండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు. మనసు బాగా కుంగితే 14416కు ఫోను చేయవచ్చు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

10. డబ్బు పోతే మొదటి గంటలో 1930.

మోసగాడి ఖాతాలోంచి డబ్బు ఇంకో ఖాతాకు, అక్కడినుంచి మరో ఖాతాకు నిమిషాల్లో పాకుతుంది. మీరు ఎంత త్వరగా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెబితే దారిలో ఆపడానికి అంత వీలు. వెంటనే బ్యాంకుకూ చెప్పండి. రిజర్వ్ బ్యాంకు 2017 నాటి నిబంధనల ప్రకారం పొరపాటు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాళ్ల వల్ల సొమ్ము పోయినప్పుడు, మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే ఆ నష్టం మీ మీద పడకూడదు. స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు చెరిపేయకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. మోసపోయిన మనిషిని తిట్టకండి. ‘నీకు బుద్ధుందా’ అన్న మాటకు భయపడే చాలామంది రెండ్రోజులు దాచిపెడతారు, ఆలోగా డబ్బు ఎక్కడికో వెళ్లిపోతుంది. ముందు పక్కన కూర్చుని 1930కి మీరే ఫోను కలపండి.