కడలిపై కంటినిండ నిద్ర

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అను సామెత మన గ్రామములలో ఎల్లరకును తెలిసినదే. అలసిన మనుజుడు పరుపు కొరకు, మంచము కొరకు చూడడు. కూర్చున్న చోటనే కన్ను మూయును. పొలమున ఇట్లు జరిగినచో నష్టము లేదు. రైతు గట్టుమీద, చెట్టునీడన ఒక కునుకు తీసి, లేచి మరల పనిలో దిగును. కాని నడిసముద్రమున పడవమీద నున్నవానికి ఈ సామెతయే ముప్పు తెచ్చును. నిద్ర సుఖ మెరుగదు గనుకనే అతడు చుక్కాని పట్టుకొనియే నిద్రించును. పడవ అంచున పండుకొనును. యంత్రపు పొగ నిండిన గదిలో పండుకొనును. కావున నిద్ర తనంతట తాను వచ్చి పైబడువరకు వేచియుండక, దానికి ఒక వేళను, ఒక చోటును ముందుగనే ఏర్పరచుకొనవలెనని మత్స్యకార సోదరులకు మేము మనవి చేయుచున్నాము.

తెప్పపైనో నావపైనో తెల్లవారుజామున పోయి ఆ పూటకే తీరము చేరువారికి ఈ సమస్య అంతగా లేదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్నము, నిజాంపట్నము రేవుల నుండి మరపడవలపై పోవువారి సంగతి వేరు. వారి వేట దినముల తరబడి సాగును. శ్రీకాకుళము జిల్లా నుండి గుజరాతులోని వేరావలు మొదలగు రేవులకు వలసపోయి అచ్చటి పడవలపై పనిచేయువారును కలరు. అన్నిదినములు పడవయే వారికి ఇల్లు. ఇంటిలో పడక ఎట్లు అవసరమో పడవలోను అట్లే అవసరము.

నిద్రలేమి వలన కలుగు హాని

తగినంత నిద్ర లేనివానికి కన్నులు మండుట, ఒళ్లు నొప్పులు మాత్రమే కలుగునని పలువురు తలంతురు. అసలు హాని మెదడునకు. పదునేడు, పందొమ్మిది గంటలు ఎడతెగక మేలుకొనియున్నవాని చురుకుదనము, 100 మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని చురుకుదనమువలె తగ్గిపోవునని శాస్త్రజ్ఞులు పరీక్షించి తెలిపినారు. మన దేశమున మోటారు వాహనము నడుపువారికి చట్టము అనుమతించు హద్దు 30 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా నిద్రలేనివాడు చుక్క త్రాగకయే త్రాగినవానితో సమానుడగుచున్నాడు. అట్టివాని చేతిలో చుక్కాని యుండుట, తిరుగుచున్న వించికడ అతడు నిలుచుట ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును.

పెద్ద నౌకలకును ఈ ముప్పు తప్పలేదు. 2010 ఏప్రిల్ 3వ తేదీన షెన్ నెంగ్ 1 అను బొగ్గు నౌక, ఇంకను వెలుతురుండగనే, ఆస్ట్రేలియా తీరపు గ్రేట్ బారియర్ రీఫ్ ప్రాంతమున తిప్పపై ఎక్కి చిక్కుకొనెను. దారి చూడవలసిన అధికారి అంతకుముందు 38 గంటలన్నర కాలములో రెండున్నర గంటలు మాత్రమే నిద్రించెనని విచారణలో తేలినది. ఆ నౌకలో యంత్రములకు కొదువ లేదు, కొదువ నిద్రకే.

గంటల లెక్క

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో మత్స్యకారుల పనిని గూర్చి ఒక ఒడంబడికను ఆమోదించినది. మూడుదినములకు మించి సముద్రముపై నుండు పడవలలో ప్రతివానికిని 24 గంటలలో 10 గంటలకు, ఏడు దినములలో 77 గంటలకు తక్కువ కాకుండ విశ్రాంతి యుండవలెనని అందు చెప్పబడినది. ఇది మన పడవలలో సాధ్యమగునా అని సరంగులు ప్రశ్నింపవచ్చును. లెక్క వేసి చూతము.

సరంగు, డ్రైవరు, అయిదుగురు కలాసీలు, వెరసి ఏడుగురు గల పడవ నొకదానిని తీసికొందము. వల వదలి మూడు గంటలు లాగుదురనుకొందము. దానిని పైకి తీసి, చేపలను ఏరి, ఐసులో పెట్టుటకు ఒక గంట పట్టును. ఇట్లు దినమునకు ఆరు వలలు. ప్రతి వలకును అందరిని లేపుచుండిన, ఎవనికిని ఒక్కపెట్టున మూడు గంటల నిద్ర అయినను దక్కదు. ముక్కలు ముక్కలుగా పోయిన నిద్ర అలసట తీర్పదు.

దీనికి బదులు, ఒక్కొక్క వల తీయునపుడు ఒక్కనిని మాత్రము లేపక వదలిపెట్టవలెను. వలకు ముందటి మూడు గంటలు, వల తీయు గంట, తరువాతి మూడు గంటలు కలిసి అతనికి ఏడు గంటలు ఏకధాటిగా లభించును. ఆరు వలలలో ఒకదానికి మాత్రము ఇద్దరిని వదలినచో ఏడుగురి వంతును తీరును. మరియొక వల లాగు వేళ మూడు గంటల విశ్రాంతి చేర్చిన పది గంటలు నిండును. లాగుచున్నంతసేపు మేలుకొనవలసినవారు ఇద్దరే గనుక ఇందువలన పని చెడదు. అయితే సరంగు, డ్రైవరు ఒకే వేళ నిద్రింపరాదు. సరంగు నిద్రించునపుడు చుక్కాని పట్టుటకు, డ్రైవరు నిద్రించునపుడు యంత్రమును, వించిని చూచుటకు అనుభవముగల కలాసీ నొక్కొక్కనిని ముందే సిద్ధపరచవలెను.

వంతులను బయలుదేరుటకు ముందే కాగితముపై వ్రాసి అందరికిని చదివి వినిపించుట మేలు. నిద్రించువాడు సోమరి యను మాట పడవలో వినబడరాదు. వంతు ప్రకారము నిద్రించుటయు పనిలో భాగమే. సరంగు తానే నిద్రింపకున్నచో మిగిలినవారు నిద్రించుటకు జంకుదురు. కావున మొదట తన వంతును తాను పాటింపవలెను.

పడుకొను చోటు

పడవ మధ్యభాగమున, క్రిందుగా ఉన్నచోట ఊపు తక్కువ, ముక్కుభాగమున ఎక్కువ. కావున పడకలు నడుమ నుండవలెను. పడుకొను బల్ల బయటి అంచునకు జానెడెత్తు పలక నొకదానిని బిగించినచో కెరటము వచ్చినపుడు మనిషి దొరలి పడడు. ఒక ప్రక్కకు తిరిగి, మోకాళ్లు కొంచెము ముడిచి, వీపు వెనుక దుప్పటి చుట్టను ఆనించుకొనిన దేహము కదలక నిద్ర పట్టును. లైఫ్ జాకెట్టును చేతికందునట్లు ఉంచుకొనవలెను గాని తలక్రింద పెట్టుకొనరాదు. నలిగిన జాకెట్టు నీటిలో తగినంతగా తేలదు.

పండుకొనకూడని చోట్లు మూడు కలవు. మొదటిది పడవ అంచు. రెండవది యంత్రపు గది, దాని పొగ చేరు మూసిన గది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. దాని వలన తలనొప్పి, వికారము కలుగును. వీనిని సముద్రపు ఊపువలన కలిగినవని భ్రమింతురు. ఒకే గదిలోని ఇద్దరు ముగ్గురికి ఒక్కసారి తలనొప్పి వచ్చి, గాలిలోనికి రాగానే తగ్గినచో ఈ వాయువును అనుమానించి, యంత్రమును వెంటనే ఆపి, అందరిని బయటకు చేర్పవలెను. మూడవది చేపలు నిలువచేయు గది. ఎండలో చల్లగా నుండునని అందు దిగి పండుకొనుట ప్రాణాంతకము. చేపలు క్రుళ్లినచోట ప్రాణవాయువు తగ్గి విషవాయువులు చేరును.

నిద్రకు ముందు గ్యాసు సిలిండరు మూసితిమా యని చూడవలెను. రేవులో కట్టిన పడవలో నిద్రించువారికిని ఇది వర్తించును. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరులో చెలరేగిన మంటలలో ముప్పదికి పైగా పడవలు దగ్ధమైనవి. డీజిలు, గ్యాసు నిలువయున్న పడవలో నిప్పు ఎంత వేగముగా వ్యాపించునో చెప్పనక్కరలేదు.

ఊపు, చప్పుడు, ఆహారము

క్రొత్తగా పడవ ఎక్కినవారికి మొదటి రెండు మూడు దినములు వాంతులు, తలతిరుగుడు కలుగుట సహజము. వెల్లకిల పరుండి కన్నులు మూసికొనిన ఉపశమనము కలుగును. అల్లపు ముక్క నములుట, కొద్దికొద్దిగా గంజి త్రాగుట మంచిది. వాంతులు ఆపు మాత్రలలో చాలవరకు మత్తు కలిగించును గనుక, కావలి వంతు గలవాడు వానిని మ్రింగరాదు. యంత్రపు చప్పుడునకు చెవులలో పెట్టుకొను స్పంజి బిరడాలు మందుల దుకాణములలో దొరకును. అవి నిద్రనే గాక వినికిడిని గూడ కాపాడును.

టీ మేలుకొనువానికి మిత్రము, నిద్రింపబోవువానికి శత్రువు. పడకకు అయిదారు గంటల ముందే దానిని మానవలెను. మద్యము నిద్రను తెచ్చునట్లు కనబడి, నడిరేయి దానిని చెరచును. తూలినవానిని సముద్రము పాలు చేయును. పడుకొనిన పిదప ఫోను చూచుచుండిన దాని వెలుగు నిద్రను దూరము చేయును.

మేలుకొనియున్నవాని బాధ్యత

ఒకడు నిశ్చింతగా నిద్రింపవలెనన్న మరియొకడు నిజముగా మేలుకొని యుండవలెను. 15 నాటుల వేగముతో వచ్చు నౌక అర్ధగంటలో దాదాపు 14 కిలోమీటర్లు దాటును. దూరమున మిణుకుమను దీపము ఒక కునుకు తీయునంతలో మీదికి రాగలదు. లంగరు వేసిన చిన్న పడవపై నలుదిక్కుల కనబడు తెల్లని దీపము, ట్రాలు వల లాగుచున్నపుడు పైన ఆకుపచ్చ, క్రింద తెలుపు దీపములు వెలుగుచుండవలెను. రాత్రి రెండు మొదలు తెల్లవారు వరకు నిద్రమత్తు మిక్కుటము. ఆ వేళ కావలికి ఒక్కని విడువక ఇద్దరిని ఉంచుట మేలు. కావలి మారునపుడు క్రొత్తవాని కన్నులు చీకటికి అలవడుటకు ఇరువది, ముప్పది నిమిషములు పట్టును. గాఢనిద్ర మత్తు వదలుటకును కొంత వ్యవధి కావలెను. కావున అతనిని అర్ధగంట ముందుగా లేపవలెను.

రాత్రి మూత్రవిసర్జనకై ఒంటరిగా అంచునకు పోయినవాడు జారిపడిన సంగతి ఎవరికిని తెలియదు. నిద్ర లేచినవాడు ముందుగా కావలివానితో చెప్పి పోవలెను. కావలివాడు రేడియోలో తుపాను హెచ్చరికలను వినుచు, పడవ ఉన్న చోటును జి.పి.యస్.లో చూచుచుండవలెను. ఆపదలో కోస్టుగార్డును 1554 నంబరునకు పిలువవచ్చును. తీరమునకు దూరమైనపుడు ఫోను అందదు గనుక వి.హెచ్.ఎఫ్. రేడియో 16వ చానలును వాడవలెను.

తీరము చేరిన పిదప

పలుదినముల నిద్రబాకీ ఒక రాత్రితో తీరదు. రేవు దిగినవెంటనే మోటారు సైకిలెక్కి దూరపు గ్రామమునకు పోవుట మంచిది కాదు. బస్సెక్కుటయో, ఒక కునుకు తీసి బయలుదేరుటయో మేలు. ఒకటి రెండు దినములు నేల ఊగినట్లు తోచిన భయపడనక్కరలేదు. ఇంటివారు మొదటి దినమున అతనిని కంటినిండ నిద్రింపనిచ్చి, పనులు, అప్పుల మాటలు మరునాటికి ఉంచవలెను.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు విరామము గదా. ఆ 61 దినములలో యజమానులు వలలు, యంత్రములు బాగుచేయింతురు. దానితోపాటు పడక బల్లలకు పలకలు బిగింపించి, గదికి గాలి వచ్చు కన్నములు పెట్టించి, పొగగొట్టపు అతుకులను పరీక్షింపించిన ఖర్చు స్వల్పము. జూన్ 15న పడవ నీటిలోనికి దిగునప్పటికి డీజిలు, ఐసు, బియ్యము లెక్కలతోపాటు నిద్ర వంతుల కాగితమును సరంగు చేతిలో నుండవలెను.