వెనక డిస్క్ బ్రేకులు వేయిస్తే పూచీ ఎవరిది?

కారు వెనక చక్రాల డ్రమ్ములు ఊడదీయించి డిస్కులు వేయించుకోవాలనుకునే వారికి, ఆ పని చేసిపెట్టే మెకానిక్‌ను వెతుక్కోవడం కష్టం కాదు. ‘ఇది చట్టానికి విరుద్ధం కాదా?’ అని అడిగితే షెడ్డులో వచ్చే జవాబు ఒక్కటే: ఆర్సీలో బ్రేకుల సంగతే లేదు కదా, ఇక ఎవరడుగుతారు? అందులో సగం నిజం ఉంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, బాడీ రకం, సీట్ల సంఖ్య, రంగు, బరువు ఉంటాయి. బ్రేకులు డ్రమ్మా డిస్కా అన్న గడి ఉండదు. కానీ జరిమానా పడుతుందా లేదా అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న. బ్రేకుల వంటి ప్రాణాధారమైన భాగాన్ని సొంతంగా మార్పించుకున్న రోజున, చట్టం కారు యజమానికి ఇచ్చిన రక్షణలు ఒక్కొక్కటిగా సడలిపోతాయి. అంతవరకు తయారీదారు మోసిన పూచీ చాలావరకు యజమాని నెత్తికెక్కుతుంది. ఈ సంగతి తెలిసి, తగిన కాగితాలు చేతిలో ఉంచుకుని దిగేవారి పరిస్థితి వేరు, తెలియక దిగేవారి పరిస్థితి వేరు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. మార్పు అంటే వాహన నిర్మాణంలో చేసే సవరణ వల్ల దాని మౌలిక స్వరూపం మారిపోవడమని అదే సెక్షన్ వివరణ ఇస్తుంది. కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును పక్కనబెడుతూ 2019 జనవరి 9న సుప్రీంకోర్టులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం ఈ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను రాష్ట్ర నిబంధనల పేరుతో అనుమతించడం కుదరదని తేల్చింది. వెనక బ్రేకులు మార్చడం 52వ సెక్షన్ కిందికి వస్తుందా అంటే, అక్షరాలను పట్టుకుని రాదని వాదించడానికి చోటు ఉంది. అంతమాత్రాన నిశ్చింతగా ఉండలేం. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్‌లో ఆర్సీ ప్రస్తావనే లేదు. చట్టమూ నిబంధనలూ అనుమతించని రీతిలో, విడిభాగాలు అమర్చడం ద్వారానైనా సరే, వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. దీన్ని బట్టి అసలు చూడవలసింది నిబంధనలు బ్రేకుల గురించి ఏమంటున్నాయన్నది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 96వ నిబంధన కారుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమర్థమైన బ్రేకు వ్యవస్థలు ఉండాలంటుంది: కాలితో తొక్కే సర్వీసు బ్రేకు ఒకటి, పార్కింగ్ బ్రేకు రెండోది. డ్రమ్ములు తీసేసి డిస్కులు పెట్టేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ రెండోదాని దగ్గరే. డ్రమ్ములో హ్యాండ్ బ్రేకు కేబుల్ నేరుగా బ్రేకు షూలను తోస్తుంది. డిస్క్ పెట్టాక ఆ ఏర్పాటు పోతుంది. మెకానికల్ మీట ఉన్న క్యాలిపరో, డిస్కు మధ్యలో ఇమిడే చిన్న డ్రమ్మో ఉంటే తప్ప హ్యాండ్ బ్రేకు పనిచేయదు. హ్యాండ్ బ్రేకు పట్టని కారు నిబంధనకు తప్పిన కారే, ఇందులో వాదనకు తావు లేదు. సర్వీసు బ్రేకు సంగతీ అంత తేలిక కాదు. బ్రేకు తొక్కగానే బరువు ముందు చక్రాల మీదికి జరుగుతుంది కాబట్టి వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. అందుకే వెనక్కి ఎంత ఒత్తిడి వెళ్లాలో తయారీదారు కొలిచి పెడతాడు. డ్రమ్ములో చక్రం తిరిగే ఊపే షూను మరింత బిగిస్తుంది, డిస్కులో ఆ గుణం లేదు. మాస్టర్ సిలిండర్ పరిమాణం, వెనక ఒత్తిడిని నియంత్రించే వాల్వు, ఏబీఎస్ లెక్కలు అన్నీ డ్రమ్ముకు కుదిర్చినవే. లెక్క తప్పి వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే కారు అడ్డంగా తిరిగిపోతుంది. తడి రోడ్డు మీద, ఘాట్ దిగేటప్పుడు అది ప్రాణాల మీదికి తెస్తుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. డిస్కులు మెరుగైనవే కదా, భద్రత పెంచుకుంటే చట్టం అడ్డుపడటం న్యాయమా అన్నది మొదటిది. డిస్కు వేడిని త్వరగా వదిలేస్తుంది, నీళ్లలో తడిసినా తొందరగా కోలుకుంటుంది. ఇవి నిజమైన లాభాలే. అయితే కారు ఆగే దూరంలో ఎక్కువ భాగాన్ని నిర్ణయించేది ముందు బ్రేకులు, టైర్లు. వెనక డ్రమ్ము ఉండటం నాసిరకానికి గుర్తు కాదు. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.4 ఎలక్ట్రిక్ కారుకు కోరి మరీ వెనక డ్రమ్ములే పెట్టింది. రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ: అదే మోడల్ పై వేరియంటుకు కంపెనీయే వెనక డిస్కులిస్తోంది, ఆ ఒరిజినల్ భాగాలే తెచ్చి బిగిస్తే తప్పేమిటి? అమ్మకానికి రాకముందే వాహన నమూనాను 126వ నిబంధన కింద పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థలు పరీక్షించి ఆమోదిస్తాయి. ఆ ఆమోదం దక్కింది పై వేరియంటు మొత్తం బ్రేకు వ్యవస్థకు, అందులోంచి విడదీసి తెచ్చిన క్యాలిపర్లకూ డిస్కులకూ కాదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక ఈ తేడా ఇంకా పెరిగింది. సెన్సార్లు, కంట్రోల్ యూనిట్ కూడా సరిపోవాలి. అయినా పై వేరియంటు భాగాలతో, కంపెనీ అధీకృత వర్క్‌షాపులో, రాతపూర్వకంగా చేయించుకున్నవారి పరిస్థితి ఎంతో మెరుగన్నది ఒప్పుకోవాలి. తప్పనిసరిగా మార్చాలనుకునేవారికి నేను చెప్పగలిగిన దారి అదొక్కటే.

ఎవరూ తనిఖీ చేయరు కదా అనే ధీమా అన్నిటికన్నా ప్రమాదకరం. రోడ్డు మీద ఆపిన కానిస్టేబులు చక్రం వెనక తొంగి చూడకపోవచ్చు. కానీ ప్రమాదం జరిగిన వాహనాన్ని 136వ సెక్షన్ కింద అధీకృత అధికారి పరిశీలించవచ్చు. మన ఊళ్లలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రాసే రిపోర్టులో ముందుగా వచ్చేదే బ్రేకుల స్థితి. ఆ రిపోర్టు క్రిమినల్ కేసులోకీ, నష్టపరిహారం కేసులోకీ, బీమా ఫైలులోకీ వెళుతుంది. లోపం ఉన్న వాహనాన్ని తెలిసి నడపడం 190వ సెక్షన్ కింద నేరం. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బీమా విషయంలో భయపడాల్సినదీ భయపడనక్కర్లేనిదీ వేరు చేసుకోవాలి. థర్డ్ పార్టీ బాధితులకు పరిహారం ఇవ్వకుండా తప్పించుకోవడానికి బీమా కంపెనీకి మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ కొన్ని కారణాలనే అనుమతించింది, వాటిలో బ్రేకులు మార్చడం అనేది లేదు. పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్యమైన సంగతి దాచారన్న వాదన మాత్రం ఉంది. సొంత కారు నష్టానికి వేసే క్లెయిము దగ్గర ఇబ్బంది ఎక్కువ. వాహనాన్ని సమర్థమైన స్థితిలో ఉంచాలన్న షరతు మోటారు పాలసీలోనే ఉంటుంది. అలాగని ప్రతి ఉల్లంఘనకూ క్లెయిమును పూర్తిగా తోసిపుచ్చడం చెల్లదు. ప్రైవేటు కారును అద్దెకు తిప్పిన ఒక కేసులో సైతం సుప్రీంకోర్టు 2010లో, క్లెయిమును నాన్‌స్టాండర్డ్ పద్ధతిలో పరిష్కరించి కొంతైనా చెల్లించాలంది. ప్రమాదానికీ బ్రేకులకూ సంబంధమే లేకపోతే, ఉదాహరణకు ఆగి ఉన్న కారును మరో బండి గుద్దితే, ఆ సంగతి చూపి బీమా కంపెనీని రాతపూర్వకంగా నిలదీసి అడగాలి.

మెకానిక్ చేతిలో నష్టపోయినవారికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అండగా ఉంటుంది, కొంతవరకు అడ్డూ పడుతుంది. 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగే నాటికి వస్తువును మార్చి ఉంటే అమ్మకందారు మీద ఉత్పత్తి బాధ్యత కింద దావా వేయడం కుదరదు. కారు అమ్మిన డీలరును ఆ దారిలో అడిగే హక్కు అక్కడితో పోతుంది. తయారీదారు మీద వెళ్లినా, లోపం మొదటినుంచీ ఉన్నదే తప్ప మార్పు వల్ల వచ్చింది కాదని రుజువు చేసుకోవలసిన భారం మీద పడుతుంది. ఆమోదం పొందిన మార్పులకు వారంటీ రద్దు కాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో 2019లో చేర్చిన రక్షణ ఉంది. అది కేంద్రం నిర్దేశించిన మార్పులకే తప్ప షెడ్డులో చేసిన పనికి వర్తించదు. ఇక మిగిలింది పని చేసినవాడు. లోపభూయిష్టంగా సేవ చేసినా, తగిన హెచ్చరికలు ఇవ్వకపోయినా అతడే బాధ్యుడని వినియోగదారుల రక్షణ చట్టం 85వ సెక్షన్ చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే లెక్కగడుతుంది. ‘బిల్లెందుకు, జీఎస్టీ కలుస్తుంది’ అన్నవాడి దగ్గర బ్రేకుల పని చేయించకండి.

చేయించక తప్పదనుకుంటే ముందుగా కంపెనీ సర్వీసు సెంటరుకు మెయిలు పెట్టి, ఈ మోడల్‌కు ఈ భాగాలు సరిపోతాయో లేదో రాతలో అడగాలి. వద్దంటే అక్కడే ఆగిపోవాలి. సరేనంటే ఆ జవాబుతో ప్రాంతీయ రవాణా కార్యాలయంలో అనుమతి కోసం దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. బీమా కంపెనీకి మార్పు సంగతి తెలియజేసి, వారి సమ్మతిని ఎండార్స్‌మెంటుగా పాలసీ మీద రాయించుకోవాలి. బిల్లులో భాగాల పేర్లు, నంబర్లు, హ్యాండ్ బ్రేకును పరీక్షించిన సంగతి విడివిడిగా ఉండాలి. బీమా కంపెనీ క్లెయిము తిరస్కరిస్తే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం పరిధిలోవే, రుసుము లేదు. మెకానిక్ మీద ఫిర్యాదును మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల వరకు అయితే అక్కడా రుసుము ఉండదు. బిల్లు దొరకనివారికి యూపీఐ చెల్లింపు రుజువు, వాట్సాప్ సందేశాలు సాక్ష్యంగా పనికొస్తాయి. ఏం చేయాలో పాలుపోకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. పాడైన భాగాలూ సాక్ష్యమే కాబట్టి వాటిని మాత్రం మెకానిక్‌కు తిరిగి ఇచ్చేయకండి.