తీరికలేని దినములో గిటారు సాధకము



“సమయము లేదు సార్” అను మాట సంగీతపు తరగతిలో మేము తరచుగా వినుచుందుము. ఉత్సాహముతో గిటారు కొనుక్కొనిన పిల్లలలో అనేకులు కొన్ని నెలలైనను గడువకమునుపే దానిని సంచిలో పెట్టి బీరువాపై కెక్కించుచున్నారు. అట్టివారందరు సోమరులని మేమును ఒకప్పుడు తలంచితిమి. ఆ తలంపు తప్పని మాకు నేర్పినవాడు ఒక విద్యార్థియే. ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట పాఠమునకు వచ్చెదము.

2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదున విమానాశ్రయము ప్రారంభమైనది మొదలు ఈ ఊరికి రాత్రియు పగలును ఒకటే అయినవి. విమానములు అర్ధరాత్రమున దిగును, తెల్లవారుజామున ఎగురును. కావలివారు, సామాను ఎక్కించువారు, కార్లు నడుపువారు, వంటవారు వంతులవారీగా పనిచేయుదురు. మన విద్యార్థుల తలిదండ్రులలో అట్టివారు పెక్కుమంది కలరు.

తొమ్మిదవ తరగతి బాలుడొకడు మూడు వారములు వరుసగా గిటారు పాఠము అప్పగింపలేకపోయెను. మేము తరగతి యెదుట అతనిని సోమరి యని మందలించితిమి. అతడేమియు బదులు చెప్పలేదు. సాయంకాలము వరండాలో మాకొరకు నిలిచియుండి, మెల్లగా ఇట్లు చెప్పెను: “సార్, మా నాన్న రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి పండుకుంటడు. మాది ఒక్కటే అర్ర. వాయిస్తే లేస్తడని వాయిస్తలేను.”

తండ్రి నిద్రను కాపాడుటకై తన ముచ్చటను మూసిపెట్టుకొనిన బాలుని మేము సోమరి యంటిమి! మరునాడు అదే తరగతి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. తరువాత అతడును మేమును కూర్చుండి ఒక కాగితముపై కొన్ని నియమములు వ్రాసికొంటిమి. ఈ పాఠము వానినుండి పుట్టినదే.

1. దినమును లెక్కించుట

దినమునకు గంటలు 24. నిద్రకు 8, బడికి 7, రాకపోకలకు 2, స్నానభోజనములకు రెండున్నర, ఇంటిపాఠములకు రెండున్నర తీసివేసినచో మిగులునవి 2 గంటలు. అయితే ఆ రెండు గంటలు ఒక్కచోట కూడియుండవు. నీళ్లు కాగువరకు పది నిమిషములు, అమ్మ పిలుచువరకు పావుగంట, ఇట్లు చిల్లర నాణెములవలె దినమంతయు చెదరియుండును. చిల్లరను లక్ష్యపెట్టనివానికి రూపాయి ఎట్లు చేరదో, చిల్లర సమయమును లక్ష్యపెట్టనివానికి విద్యయు అట్లే చేరదు. కాబట్టి “ఒక గంట దొరకిన రోజున వాయించెదను” అని వేచియుండరాదు. ఆ రోజు రాదు.

2. కొంచెమైనను ప్రతిదినము

ఆదివారమున గంటన్నర వాయించుట మేలా, ఆరు దినములు పావుగంట చొప్పున వాయించుట మేలా? వారమునకు రెండును 90 నిమిషములే. ఫలము మాత్రము ఒకటి కాదు. జర్మనీ దేశస్థుడైన ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు అర్థములేని అక్షరములను తానే వల్లించి జ్ఞాపకశక్తిని పరీక్షించి, 1885లో తన ఫలితములను ప్రకటించెను. ఒకే దినమున 68 మారులు వల్లించిన దానికి, మూడు దినములకు పంచి వల్లించిన 38 మారులు సరితూగెనని అందు చూపెను. వ్రేళ్లు నేర్చు విద్యకును ఈ నియమము చాలవరకు వర్తించును. నేర్చినది నిద్రలో కుదురుకొనును. అదియుగాక, లేతవ్రేళ్లతో గంటన్నర తీగలు నొక్కినవాడు నొప్పిచేత మరునాడు గిటారు ముట్టడు. దినదినము కొంచెము నొక్కినవానికి వ్రేళ్లకొనలు క్రమముగా గట్టిపడును.

పావుగంట స్వల్పమని ఎంచకుడు. వారమునకు 90 నిమిషములు చొప్పున 52 వారములకు 78 గంటలగును.

3. పావుగంట పాఠము

శిక్షణ కళాశాలలో మాకు పాఠప్రణాళిక లేక తరగతిలో అడుగు పెట్టవద్దని బోధించిరి. సాధకమునకును ప్రణాళిక వలెను.

మొదటి 2 నిమిషములు శ్రుతి చేయవలెను. లావు తీగనుండి సన్నతీగవరకు ఈ, ఏ, డి, జి, బి, ఈ అనునవి ఆరు తీగల స్వరములు. ఒక తీగను అయిదవ మెట్టుపై నొక్కగా వచ్చు నాదము దాని క్రింది తీగ నాదముతో కలియవలెను. జి తీగను మాత్రము నాలుగవ మెట్టుపై నొక్కి బి తీగతో పోల్చవలెను.

తరువాతి 3 నిమిషములు నాలుగు వ్రేళ్లను వరుసగా నాలుగు మెట్లపై ఉంచి, ఒక్కొక్క స్వరము స్పష్టముగా పలికించవలెను. మెట్టుకు ఆనుకొని వెనుకప్రక్కను నొక్కినచో తక్కువ బలమే చాలును.

పిమ్మట 5 నిమిషములు కష్టమైన ఒక్క చోటునే పట్టవలెను. జి కార్డునుండి సి కార్డునకు మారుట కష్టమైనచో, ఒక నిమిషములో ఎన్ని మారులు శుభ్రముగా మారితిరో లెక్కించి పుస్తకములో వ్రాయుడు. తాళయంత్రమును నిమిషమునకు 60 దెబ్బలపై నిలిపి, మూడు మారులు తప్పులేక వచ్చిన తరువాతనే 64కు పెంచుడు.

కడపటి 5 నిమిషములు మీకిష్టమైన పాట వాయించుడు. సంతోషము లేని సాధకము చాలకాలము నిలువదు.

4. చప్పుడు లేని సాధకము

ఇంటిలో ఒకరు నిద్రించుచున్నప్పుడు కుడిచేతిని విడిచి, ఎడమచేతితో మాత్రమే కార్డులు మార్చవచ్చును. బ్రిడ్జి దగ్గర తీగలక్రింద మెత్తని గుడ్డ దూర్చినచో నాదము అణగును. బస్సులో పోవునప్పుడు కన్నులు మూసికొని, ఏ వ్రేలు ఏ తీగపై పడునో మనస్సులో చూడవచ్చును. పైన చెప్పిన బాలుడు ఈ విధముగా వారమునకు నాలుగు దినములు నిశ్శబ్దముగా నేర్చి, మిగిలిన రెండు దినములు బడి విడిచిన పిదప మా గదిలో నాదముతో వాయించెను.

5. వాద్యము చేతికందవలెను

సంచి విప్పుట చిన్నపనియే. అయినను అలసినవానికి అదియే కొండయగును. గిటారును ఎండ తగులని గోడకు తగిలించియుంచుడు. ప్రతిదినము తప్పని ఒక పనికి సాధకమును జతపరచుడు: సాయంకాలపు టీ త్రాగగానే గిటారు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఆరేండ్ల బాలుడుగా నున్నప్పుడు తమ తండ్రిగారి మాండొలిన్‌ను చేపట్టిరి. పాశ్చాత్య వాద్యముపై కర్ణాటక సంగీతమును పలికించి 2014లో పరమపదించువరకు లోకమును మెప్పించిరి. ఇంటిలో నున్న వాద్యము ఎంత మేలు చేయునో దీనివలన తెలియుచున్నది.

తలిదండ్రులకు ఒక మనవి. ఆ పావుగంటలో పిల్లలను అంగడికి పంపకుడు. ఉపాధ్యాయులమైన మనకును ఒక మాట: పాఠము అప్పగింపనివానిని మందలించుటకు ముందు, వాని ఇంటి గడియారమును గూర్చి అడుగుదము.

గత క్రిస్మసు కూటమిలో ఆ బాలుడు నాలుగు కార్డుల కీర్తనయొకటి తాళము తప్పక వాయించెను. అతని తండ్రి డ్యూటీ దుస్తులతోనే వెనుకబల్లపై కూర్చుండి తుదివరకు విని, పాట ముగియగానే లేచి బస్సునకై వెళ్లెను.

అభ్యాసము

1. నిన్నటి దినపు 24 గంటలను మీ పుస్తకములో లెక్క వ్రాయుడు. చిల్లర నిమిషములు ఎక్కడెక్కడ నున్నవి?
2. ఏ నిత్యకృత్యమునకు మీ పావుగంటను జతపరచెదరు?
3. మీరు వాయించునప్పుడు మీ ఇంటిలో ఎవరి విశ్రాంతికి భంగము కలుగును? దానికి మీరు చేయు ఉపాయమేమి?