లినక్సు ప్యాకేజీలో రెండు ఆరంభ ఫైళ్ళు ఎందుకు?

మన పోచంపాడ్‌లో కాకతీయ కాలువ తల తూము ఎత్తనిదే కింద ఎన్ని తూములు ఎత్తినా పొలానికి చుక్క రాదు. కంప్యూటర్‌లోనూ అంతే. డేటాబేస్ లేవకముందే దానిమీద ఆధారపడిన ప్రోగ్రాం లేస్తే పని జరగదు. ఏది ముందో ఏది వెనుకో చూసే లష్కరు వంటి ప్రోగ్రాంను సర్వీస్ మేనేజర్ అంటారు. కెర్నల్ మొట్టమొదట నడిపేది దానినే, కనుక దాని ప్రాసెస్ నంబరు 1.

డెబియన్ లినక్సులో (తెలుగువారి ‘స్వేచ్ఛ’కు పునాది ఇదే) చాలాకాలం సిస్‌వీ-ఇనిట్ అనే మేనేజర్ ఉండేది. ప్రతి సేవకూ ఈటీసీలోని ఇనిట్.డి డైరెక్టరీలో ఒక షెల్ స్క్రిప్టు ఉండేది. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక కమిటీలో ఓట్లు సమానంగా చీలగా, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డి గెలిచింది. 2015లో వచ్చిన డెబియన్ 8 నుంచి అదే అలవాటు మేనేజర్. పాతదాన్ని వదలనివారూ ఉన్నారు. మరి ప్యాకేజీ ఎవరికని రాయాలి?

ఇద్దరికీ రాస్తుంది! డెబియన్ 12లోని క్రాన్ ప్యాకేజీ చూడండి. ఇనిట్.డిలో ‘క్రాన్’ అనే స్క్రిప్టు, సిస్టమ్‌డి కోసం ‘క్రాన్.సర్వీస్’ అనే యూనిట్ ఫైలు, రెండూ పెడుతుంది. పేరు ఒకటే కావడం ఇక్కడ కీలకం. ఆ పేరుతో యూనిట్ కనబడితే సిస్టమ్‌డి స్క్రిప్టును పక్కన పెడుతుంది. యూనిట్ లేకపోతే స్క్రిప్టు తలభాగంలోని వివరాలు చదివి తానే తాత్కాలిక యూనిట్ తయారు చేసుకుంటుంది. పాత మేనేజర్‌కు మాత్రం యూనిట్ ఫైలు చదవడం రాదు. అందుకే కొన్ని ప్యాకేజీలు మానేసిన స్క్రిప్టులను డెబియన్‌లో వేరే ఒక ప్యాకేజీగా పోగుచేసి ఉంచారు. ఈ పద్ధతి నాకు నచ్చింది, తక్కువమంది వాడేదని పారేయలేదు.

మరో చిత్రం. ప్యాకేజీ తీసేసినా ఇనిట్.డి స్క్రిప్టు మిగిలే ఉంటుంది, మనం చేసిన మార్పులు పోకూడదని. కనుకనే స్క్రిప్టు ముందుగా అసలు ప్రోగ్రాం ఉందా అని చూసి, లేకపోతే చప్పుడు చేయకుండా ముగుస్తుంది.

పాత పుస్తకాలు చూసి ల్యాబ్‌లో స్క్రిప్టు మార్చేవారు ఇది గమనించాలి. సిస్టమ్‌డి యూనిట్‌ను నడుపుతుంటే ఆ మార్పు పనిచేయదు, మెషీన్ పాడైందని అనుకోవద్దు. ముందు పీఎస్ కమాండుతో ప్రాసెస్ 1 పేరు చూడండి. సిస్టమ్‌డి అని వస్తే ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’ వాడండి. అది మన మార్పును ఈటీసీలో విడిగా రాస్తుంది. ప్యాకేజీ పెట్టిన యూనిట్‌నే దిద్దితే మళ్ళీ అప్‌గ్రేడ్ వచ్చిన రోజు అది తుడిచిపెట్టుకుపోతుంది.