వెండి నాణెంపై సముద్రం

పాఠ్యభాగ ఉద్దేశం

నాణెం కేవలం ద్రవ్యం కాదు. ఒక కాలపు మనుషులు దేనిని విలువైనదిగా భావించారో తెలిపే సాక్ష్యం. విశాఖ తీరంలో దొరికిన ప్రాచీన నాణేలను, ఒక ద్వీపదేశం వెలువరించిన వెండి నాణేలను పోల్చి చూపి, సముద్రజీవుల సంరక్షణ పట్ల విద్యార్థులలో అవగాహన కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వెళ్లే తీరమార్గంలో ఎడమవైపున తొట్లకొండ కనిపిస్తుంది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 1976లో నౌకాదళం జరిపిన విమాన సర్వేక్షణలో ఇక్కడి బౌద్ధారామం ఉనికి బయటపడింది. 1988 నుండి రాష్ట్ర పురావస్తుశాఖ జరిపిన త్రవ్వకాలలో స్తూపాలు, విహారాలతో పాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమను సామ్రాజ్యపు వెండి నాణేలు లభించాయి. రోము నగరం ఎక్కడ? తొట్లకొండ ఎక్కడ? ఆ దూరాన్ని కలిపినది ప్రాచీన సముద్ర వాణిజ్యమే.

సముద్రం సంపదకు ద్వారమని ఆనాటి పాలకులు గుర్తించారు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు కొన్ని సీసపు నాణేలపై రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఆ దృష్టికే ఆధునిక రూపాలు.

అదే 1992వ సంవత్సరంలో పసిఫిక్ మహాసముద్రంలోని పలౌ అనే చిన్న ద్వీపదేశం సముద్రాన్ని మరొక దృష్టితో చూసింది. అప్పటికి దానికి పూర్తి స్వాతంత్ర్యం కూడ రాలేదు. అది లభించినది 1994లో. అయినప్పటికీ ‘సముద్రజీవుల రక్షణ’ అనే పేరుతో ఆ దేశం ఒక నాణేల వరుసను ఆరంభించింది. తన జలాలలో తిరుగాడే చేపలను, పగడపు దిబ్బలను రంగులతో సహా నాణేలపై నిలిపింది. పలౌలో నిత్యవ్యవహారానికి వాడేది అమెరికా డాలరు. కనుక ఈ వెండి నాణేలు అంగడిలో మారడానికి కాక, ప్రపంచమంతటా ఉన్న సేకర్తల కోసం తయారయ్యాయి.

సేకర్తల నాణేలలో ‘ప్రూఫ్’ నాణేలది ప్రత్యేకస్థానం. మెరుగుపెట్టిన అచ్చులతో, ఒకటికి మించిన దెబ్బలతో వీటిని ముద్రిస్తారు. ఖాళీ భాగం అద్దంలా మెరుస్తుంది. బొమ్మ మాత్రం మంచు కప్పినట్లు తెల్లగా పైకి తేలుతుంది. వెండిపై చేపను ఈ విధంగా ముద్రిస్తే అది నిశ్చలమైన నీటిలో ఈదుతున్నట్లే తోస్తుంది. ఇటువంటి నాణెం ధర దాని ముఖవిలువను బట్టి ఉండదు. లోహం, పనితనం, ముద్రించిన సంఖ్య ఆ ధరను నిర్ణయిస్తాయి.

మన దేశం కూడ 1986లో మత్స్యపరిశ్రమ అంశంపై స్మారక నాణేలు విడుదల చేసింది. వాటిలో యాభై పైసల నాణెం ప్రజల చేతులలో మారింది. నూరు రూపాయల వెండి నాణెం సేకర్తలకు చేరింది. ఆకలి తీర్చే చేపకు అది దక్కిన గౌరవం. ఆ విధంగా శాతవాహనుల ఓడ వర్తకాన్ని, మన చేప ఆహారాన్ని, పలౌ చేప ప్రాణాన్ని సూచిస్తున్నాయి. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. కాని మూడవది లేకపోతే రెండవది నిలువదు.

ఈ సత్యం విశాఖ తీరంలో ఏటా మన కళ్లెదుటే నిలుస్తుంది. శీతకాలం చివర, రాత్రివేళ, ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. వెలుతురు ఎటు ఉంటే అటు నడవడం వాటి స్వభావం. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రానిది. ఇప్పుడు నగర దీపాలు వాటిని రహదారి వైపు మళ్లిస్తున్నాయి. తల్లి తాబేలుకు మరొక ఆపద ఉంది. గాలి పీల్చడానికి అది నీటిపైకి రావాలి. మరపడవల వలలో చిక్కితే ఊపిరాడక మరణిస్తుంది. అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన కేంద్రాలలో పొదిగించి, పిల్లలను సముద్రంలో విడుస్తున్నది.

అయితే మత్స్యకారుని కష్టాన్ని కూడ మనం మరువరాదు. తాబేలును విడిపించడానికి వల కోస్తే ఆ నష్టం అతనిదే. అయినా 2021 డిసెంబరులో తంతడి తీరానికి వచ్చిన భారీ తిమింగలసొరను అటవీ సిబ్బందితో పాటు మత్స్యకారులు కూడ శ్రమించి తిరిగి సముద్రంలోకి పంపారు. చేపలన్నింటిలో పెద్దదైన ఆ జీవికి 2001 నుండి మన చట్టం రక్షణ కల్పించింది. ఆ రోజు చట్టాన్ని నిలబెట్టినవి మనుషుల చేతులు.

పలౌ కూడ నాణేలతో ఆగలేదు. 2009లో తన జలాలన్నింటినీ సొరచేపల అభయారణ్యంగా ప్రకటించింది. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిది. నాణేనికి బొమ్మ, బొరుసు రెండూ ఉంటేనే చెల్లుబాటు. గౌరవం బొమ్మ అయితే రక్షణ బొరుసు. సముద్రంలో ప్రాణి లేకుండా వెండిపై దాని రూపం మాత్రమే మిగిలితే, ఆ నాణెం కానుక కాదు, స్మృతిచిహ్నం.

పదాలు – అర్థాలు

సర్వేక్షణ : పరిశీలన
బౌద్ధారామం : బౌద్ధ భిక్షువుల నివాసస్థలం
ముఖవిలువ : నాణెంపై ముద్రించిన విలువ
బొరుసు : నాణేనికి బొమ్మ లేని వైపు
స్మృతిచిహ్నం : జ్ఞాపకార్థం మిగిలిన గుర్తు

ప్రశ్నలు

1. తొట్లకొండపై లభించిన నాణేలు ఏ విషయాన్ని తెలియజేస్తున్నాయి?
2. ‘ప్రూఫ్’ నాణేల ప్రత్యేకతను వివరించండి.
3. ‘మూడవది లేకపోతే రెండవది నిలువదు’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
4. విశాఖ తీరంలో తాబేళ్లకు కలుగుతున్న ఆపదలను, వాటి నివారణ మార్గాలను చర్చించండి.