గునపం దిగకముందే

టవర్ లైను పనిలో సైట్ ఇంజనీరుగానో సూపర్‌వైజరుగానో కొత్తగా చేరినవాళ్లకు ఆఫీసులో ముందు నూరిపోసేది చట్టం. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు మనకున్నాయి, రైతు ముందస్తు అనుమతి అక్కర్లేదు అంటారు. నిజమే. 2016లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కానీ ఆ టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షన్లోనే ఇంకో మాట కూడా ఉంది: నష్టం వీలైనంత తక్కువ చేయాలి, చేసినదానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ఊళ్లో మీకు అక్కరకొచ్చేది ఈ రెండో మాటే.

రైతు దేనికి అడ్డం పడుతున్నాడో ముందు లెక్క కట్టి చూడండి. 400 కేవీ లైనుకు దారి వెడల్పు సుమారు 46 మీటర్లు. ఒక రైతు చేలో లైను 200 మీటర్లు పోయిందనుకుందాం. అది 9,200 చదరపు మీటర్లు, అంటే రెండెకరాల 27 సెంట్లు. టవర్ కాళ్ల కింద పోయేది మహా అయితే ఐదారు సెంట్లు. మన ఫైళ్లన్నీ టవర్ చుట్టూ తిరుగుతాయి, రైతు కడుపుమంట మాత్రం తీగల కింద నేల గురించి. అక్కడ ఇల్లు కట్టలేడు, బోరు బండి మాస్టు ఎత్తలేడు, రేపు అమ్మబోతే కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు. వరి చేలోవాళ్లు కొంత సర్దుకుంటారు, తీగల కింద వరి పండుతుంది కాబట్టి. అశ్వారావుపేట ఆయిల్‌పామ్ తోటలోనో నూజివీడు మామిడి తోటలోనో ఆ మాట చెల్లదు. ఎత్తు పెరిగే చెట్టు ఏదైనా కొట్టేయాల్సిందే.

డబ్బు సంగతిలో మీ నోటి నుంచి రేటు రాకూడదు. కేంద్ర విద్యుత్ శాఖ 2015 మార్గదర్శకాల్లో టవర్ అడుగు నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది దారికి గరిష్ఠంగా 15 శాతం ఉండేది. 2024 జూన్‌లో వాటిని 200 శాతం, 30 శాతం చేశారు. పైన చెప్పిన చేలో ఎకరా 20 లక్షలనుకుంటే, దారి పరిహారం ఒక లెక్కలో 6.81 లక్షలు, ఇంకో లెక్కలో 13.62 లక్షలు. అయితే కేంద్రం చెప్పింది ప్రతి లైనుకూ దానంతటదే వర్తించదు. రాష్ట్రం లోపలి లైన్లకు రాష్ట్రం ఏది ఒప్పుకుందో అదే. మీ లైనుకు ఏ ఉత్తర్వు నడుస్తోందో, భూమి విలువ ఎవరు కట్టారో కలెక్టరేట్ నుంచి కాగితం తెచ్చుకుని, దాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాకే పొలంలో అడుగుపెట్టండి. పరిహారం చాలలేదంటే టెలిగ్రాఫ్ చట్టం 16వ సెక్షన్ కింద జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చని కూడా మీరే చెప్పండి. ఆ సంగతి దాచిపెట్టమనే మేనేజర్లు ఉంటారు. వకీలు నోట ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు మీ మాటకు విలువుండదు.

పంట నష్టం ఒకేసారి జరిగేది కాదు. ఫౌండేషన్ గుంత తవ్వినప్పుడు ఒకసారి, టవర్ నిలబెట్టినప్పుడు ఒకసారి, తీగ లాగినప్పుడు ఒకసారి. మూడుసార్లూ పంచనామా రాయించాలి, ఊరి రెవెన్యూ సిబ్బంది సంతకం అదే రోజు తీసుకోవాలి. చెట్లను 'సుమారు నలభై' అని రాయకండి. ఒక్కోదానికి రంగుతో అంకె వేసి, రకం, చుట్టుకొలత, కాపు వయసు రైతు ముందే చదివి వినిపించండి. సాగు చేస్తున్నది కౌలు రైతైతే ఆ పేరూ రాయండి. అడంగల్లోనో పహాణీలోనో కనిపించేది పట్టాదారు పేరు. చెక్కు పట్నంలో ఉన్నాయనకు పోతే మిరపచేను తొక్కించుకున్నవాడు మీ జీపుకు అడ్డంగా కూర్చుంటాడు. తప్పు అతనిది కాదు.

లైను చార్జ్ అయ్యాక ఏమవుతుందో కూడా ముందే చెప్పాలి. రాత్రిపూట తీగల కింద ట్యూబులైటు చేత్తో పట్టుకుంటే మిణుకుమంటుంది. ముళ్లకంచె ముట్టుకుంటే చురుక్కుమనొచ్చు, దానికి ఎర్తింగ్ చేయించాలి. ఎర్తింగ్ పని మన ఖర్చుతో చేస్తామని కంపెనీ చేత రాయించుకుని వెళ్లండి. 'ఏమీ కాదు' అన్న మనిషిని ఊరు మర్చిపోదు.

అడవి దగ్గర లెక్క వేరు. స్టేజ్-1 అనుమతి వచ్చి, సొమ్ము జమయి, డీఎఫ్ఓ పని ఉత్తర్వు చేతికందేదాకా ఒక్క కొమ్మ కొట్టకూడదు. సబ్‌కాంట్రాక్టర్ గ్యాంగు ఖాళీగా ఉందని సర్వే లైను పేరుతో చెట్లు నరికితే కేసులో మీ పేరూ ఉంటుంది. ఏజెన్సీలో ఇంకో చిక్కు. రికార్డులో అటవీశాఖ భూమి అని ఉన్నచోట అటవీ హక్కుల (ఆర్‌ఓఎఫ్‌ఆర్) పట్టా పెట్టుకున్న గిరిజన రైతు జీడిమామిడి పెంచుతుంటాడు. మీ దగ్గరున్న భూ యజమానుల జాబితాలో అతను ఉండడు. గ్రామసభ దగ్గర పట్టాల జాబితా తీసుకుని మీ డ్రాయింగు పక్కన పెట్టుకోండి.

ఊరివాళ్లు 'ఇటు కాదు, అటు తీసుకెళ్లండి' అన్నప్పుడు నవ్వేయకండి. గోవాలో మొల్లెం అడవి గుండా 400 కేవీ లైనుకు కొత్త దారి వేయబోతే జనం పెద్ద ఎత్తున ఎదురుతిరిగారు. ఉన్న లైను దారినే వాడుకోమని కేంద్ర సాధికార కమిటీ 2021లో చెప్పింది, మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది. మీ స్థాయిలో అంత జరగకపోవచ్చు. టవర్‌ను చేను మధ్య నుంచి గట్టు మీదకు జరపడం మాత్రం చెక్ సర్వే రోజుల్లో సాధ్యమే. డిజైన్ ఆఫీసుకు స్కెచ్ పంపి అడగాలి. కాంక్రీటు పడ్డాక ఎవరూ జరపరు.

ఇంత చేసినా ఒక పొద్దున జనం గుంత చుట్టూ నిలబడతారు. మిషన్లు ఆపండి, గ్యాంగును వెనక్కి పంపండి, ఫోను తీసి ఆడవాళ్లను వీడియో తీయకండి. ఎవరు ఏమడిగారో, ఎన్ని గంటలకు ఆగిందో సైట్ డైరీలో రాసి తహసీల్దారుకు, మీ పైవాళ్లకు పంపండి. అడ్డు తొలగించే ఉత్తర్వు జిల్లా మెజిస్ట్రేటు ఇవ్వాలి, ఎస్సైతో ఫోన్లో మాట్లాడినంతలో అది వచ్చినట్టు కాదు. రాత్రికి రాత్రి కాంక్రీటు పోసేయమని ఎవరైనా చెబితే, ఆ మాట రాతలో పంపమనండి. చాలాసార్లు ఆ రాత రాదు, పనీ తెల్లారేదాకా ఆగుతుంది.